ఎవరి మంగళవారం

బైరికి, తరావా
12 సెప్టెంబరు 1994, సోమవారం

లండన్ దొరసాని రాకెరాకి,

మౌరి! నీ ఆడపడుచు తెబోరా ఇంకా బతికే ఉంది. ఆ సంగతి నీకు గుర్తు చేద్దామనే ఈ కాగితం తీసుకున్నాను. నువ్వు రాసిన ఆఖరి ఉత్తరం ఈస్టర్ నాటిది. ఊరి పేరు లండన్ అయినంత మాత్రాన మరదళ్లకి ఇంత గీర వస్తుందని తెలిస్తే, మా తమ్ముణ్ణి పక్కనున్న పోలండ్‌లోనో బనానాలోనో కాపరం పెట్టమనేదాన్ని. మీ కిరిసిమాస్ దీవిలో ఊళ్లకి పేర్లు పెట్టిన మహానుభావుడెవరో గానీ వాడు ఆ రోజు కల్లు కాస్త ఎక్కువే తాగి ఉంటాడు.

ఇక్కడ సోమవారం ఉదయం తొమ్మిదైంది. ఆఫీసులో మిషను ముందు కూర్చుని, ఏదో ముఖ్యమైన కాగితం టైపు చేస్తున్నట్టు మొహం పెట్టి ఇది రాస్తున్నాను. నీకింకా ఆదివారమే. చర్చిలో ముందు వరసలో కూర్చుని కునుకుతూ ఉంటావు. ఒక దేశం, ఒక జెండా, ఒక పార్లమెంటు, రెండు తారీఖులు! మేం సోమవారం మీ ఆఫీసుకి ఫోను చేస్తే మీరు ప్రార్థనలో ఉంటారు. మీరు శుక్రవారం చేస్తే మేం శనివారం చేపలకి పోయి ఉంటాం. వారానికి నాలుగు రోజులే మనం ఒకరికొకరం దొరికేది. పార్లమెంటు ఎన్నికలయ్యాయి కదా, రాబోయే కొత్త ప్రభుత్వం వాళ్లు ఈ నాలుగు రోజుల దేశాన్ని ఎలా నడుపుతారో చూడాలి.

మా దగ్గర విశేషాలేమీ లేవు. జనం మాత్రం పెరిగారు. బయటి దీవుల నుంచి చదువులకనీ ఉద్యోగాలకనీ వచ్చినవాళ్లు వచ్చినట్టే ఉండిపోతున్నారు. మా పెరటి బావికీ పక్కింటి వాళ్ల పందుల దొడ్డికీ మధ్య ఇప్పుడు ఆరు అడుగుల దూరమే ఉంది. నీళ్లు కాచకుండా తాగితే మూడు రోజులు ఆఫీసుకి సెలవే.

అక్టోబరులో అమ్మ పోయి రెండేళ్లవుతుంది. నీ మొగుడు రెండేళ్లుగా నాకొక్క ముక్క రాయలేదు. అమ్మ శవం ఇంట్లో ఉండగా ‘మంగళవారం విమానం, ఆగండి’ అని తంతి ఇచ్చాడు. ఆగాం. మంగళవారం విమానాశ్రయానికి పోయి ఎండలో నిలబడ్డాను. వాడు రాలేదు. రానివాడికే ఇంత పౌరుషం ఉంటే, నిలబడిన నాకెంత ఉండాలి? అయినా పెద్దదాన్ని కాబట్టి ముందు నేనే తగ్గుతున్నాను. ఈ ఓడలో ఒక బుట్ట పంపుతున్నాను. అమ్మ పెరట్లో తవ్విన గుంటలో పెరిగిన బ్వబ్వాయి దుంపలు. మీ ఎండిపోయిన దీవిలో అవి పుట్టవు కదా. వాడికి ఉడికించి పెట్టు.

అన్నట్టు, ఓడ వంటవాడొక మాట మోసుకొచ్చాడు. మా వాడు పొద్దున్నే హవాయి వాళ్లతో వెళ్లిపోతున్నాడట. నిన్నొదిలేసి హవాయికి పోయే ఆలోచనలో ఉన్నాడా ఏమిటి? ముందే చెప్పు. నేను ఏడవడానికి సిద్ధం కావాలి, నీ కోసం కాదులే.

మీ రాజధాని వదిన,
తెబోరా

*

లండన్, కిరిసిమాస్
9 అక్టోబరు 1994, ఆదివారం

రాజధానిలో వెలసిన వదినగారికి,

మౌరి! మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వుకోవడానికి, రెండోసారి తిట్లు లెక్కపెట్టుకోవడానికి. ఈసారి తగ్గాయి. ఒంట్లో బాగోలేదా?

మీ తమ్ముడు హవాయికి పోవడం లేదు. హవాయి వాళ్లే మా దగ్గరికి వస్తున్నారు. వారానికోసారి విమానంలో దిగుతారు. ఒక్కొక్కరి టోపీ మన వంట గిన్నెంత ఉంటుంది. మడుగులో మోకాళ్ల లోతు నీళ్లలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడి చేప పడతారు. పట్టిన చేపని ఎత్తి ఫొటో తీసుకుంటారు. తరవాత ముద్దు పెట్టుకుని మళ్లీ నీళ్లలో వదిలేస్తారు! ఒట్టు వదినా, నా కళ్లారా చూశాను. సర్కారు చేపల చెరువుల్లో తన పని లేని రోజుల్లో చేపలెక్కడున్నాయో చూపించడానికి ఆయన వాళ్ల వెంట వెళుతున్నారు. మొదటి రోజు ఇంటికొచ్చి అన్నం కూడా ముట్టలేదు. “రాకెరా, ఆ మనిషికి బుర్ర చెడిందనుకుని నేను నీళ్లలోకి దూకి ఆ చేపని మళ్లీ పట్టి చేతికిచ్చాను. వాడు నన్ను తిట్టాడు” అన్నారు. ఇప్పుడు అలవాటైంది. వాళ్లు వదిలే చేపల్ని గుర్తుపెట్టుకుని సాయంత్రం వల తీసుకుని పోతారు. ఆ మాట వాళ్లకి చెప్పకండి.

మీకు జనం ఎక్కువైతే మాకు పక్షులు ఎక్కువయ్యాయి. నిన్న మనేయబలో ఊరి సమావేశం జరుగుతుంటే బయట పక్షుల గోలకి ఎవరు ఏమన్నారో ఎవరికీ వినపడలేదు. అందుకే సమావేశం ప్రశాంతంగా ముగిసింది.

మీ బావిలో నీళ్లైనా ఉన్నాయి. మాకు వాన పడి నాలుగు నెలలైంది. కొబ్బరి చెట్లు తలలు వేలాడేశాయి. కొబ్బరి ఎండబెట్టే వాళ్లంతా పని లేక పేకాటలో పడ్డారు.

అమ్మగారి సంవత్సరీకం మేమూ చేసుకుంటాం. మంగళవారం సంగతి మాత్రం కాగితం మీద మాట్లాడుకునేది కాదు వదినా. నేను ఆ ఊసెత్తితే ఆయన లేచి బయటికి పోతారు.

దుంపల బుట్ట అందింది. ఆయన ఒక్క ముక్క తినలేదు. నన్నూ తిననివ్వలేదు. ఎందుకంటే, ఆ బుట్ట చూడగానే ఆయన

అయ్యో, లారీ వచ్చేసింది. రేవుకి పోయేవాళ్లు ఉత్తరం ఇమ్మని కేకలు పెడుతున్నారు. మిగిలింది తరవాత.

మీ
రాకెరా

*

బైరికి
3 నవంబరు 1994, గురువారం

రాకెరా,

నీ ఉత్తరం సగంలో ఆగింది. నా కోపం మాత్రం పూర్తిగా వచ్చింది.

తినలేదా? అమ్మ చేతులతో తవ్విన గుంట. అమ్మ ఆకులు కోసి ఎరువేసి, పిల్లలకి పోసినట్టు నీళ్లు పోసి పెంచిన మొక్కల పిలకలు అవి. ఆ గుంటలో మోకాళ్ల దాకా బురదలో దిగి, ఈ వయసులో నడుం పట్టేసి, రెండు రోజులు మిషను ముందు కూర్చోలేక నిలబడి టైపు కొట్టాను. మా పై అధికారి నన్ను చూసి “తెబోరా, జాతీయగీతం వినిపిస్తోందా?” అన్నాడు. అంత చేసి పంపితే ముట్టుకోలేదా! సరే. చేపకి ముద్దులు పెట్టే వాళ్లతో తిరిగే మనిషికి మా దుంపలు ఏం రుచిస్తాయిలే.

సంవత్సరీకానికి పెద్దలందరూ వచ్చారు. “మీ తమ్ముడు ఉరియమ్ ఎలా ఉన్నాడు?” అని అడిగారు. “బాగానే ఉన్నాడు. పట్టిన చేపల్ని వదిలిపెట్టే ఉద్యోగం దొరికింది” అని చెప్పాను. చిన్నాన్న ఒకాయన “వాడికది కొత్తేమీ కాదు, తల్లినీ అలాగే వదిలాడు” అన్నాడు. అందరూ తలలాడించారు. నేనూ ఆడించానేమో, గుర్తులేదు.

నీమీద నాకు కోపం లేదు. నువ్వు రాసే సంగతులు చదువుతూ ఆఫీసులో ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే పక్క కుర్చీ అమ్మాయి నాకు కొత్తగా ఎవరో దొరికారనుకుంటోంది. అనుకోనీ.

ఒక కబురు. బయటికి చెప్పకూడదు, కాబట్టి నీ ఊరంతటికీ చెప్పు. మన దేశం మధ్యలో ఆ గీత ఒకటుంది చూడు, దానికి ఇటు ఒక తారీఖూ అటు ఒక తారీఖూ. దాన్ని మీ అవతలికి జరిపేస్తారట! అప్పుడు మీకూ మాకూ ఒకటే రోజు. డిసెంబరు చివర మీరు ఒక రోజు ఎగిరి దూకాలి. ఆ కాగితాలు నేనే టైపు చేస్తున్నాను. ఇన్నేళ్లుగా నిన్నలో కూర్చున్న మిమ్మల్ని చెయ్యిపట్టి ఇవాళ్టిలోకి లాగుతున్నది నీ వదినే అని గుర్తుంచుకో.

ఆ సగం ఉత్తరం పూర్తి చెయ్యి. ఇంకేం అన్నాడో వినేస్తాను.

తెబోరా

*

లండన్
27 నవంబరు 1994, ఆదివారం

కోపం వచ్చిన వదినకి,

మీ నడుం తగ్గిందా? కొబ్బరినూనె వెచ్చచేసి రాయించుకోండి. పక్క కుర్చీ అమ్మాయి చేత రాయించుకోకండి, ఆవిడకి అనుమానాలు ఎక్కువ.

బుట్ట సంగతి చెబుతాను. మూత తీసి ఆయన దుంపల్ని ఒక్కొక్కటీ బయటపెట్టారు. “అక్క అమ్మ గుంటలో నా వాటా తవ్వి పంపేసింది. ఇంక ఆ ఇంటితో నాకేమీ లేదని అర్థం” అన్నారు. “కాదండీ, తినమని పంపారు” అన్నాను. వినలేదు. దుంపల్ని పిలకలతో సహా సగానికి కోసిన పీపాలో నాటారు. ఎక్కడెక్కడినుంచో కొబ్బరి పీచు, కుళ్లిన ఆకులు, పక్షుల రెట్ట తెచ్చిపోశారు. తాగే వాననీళ్లలోంచి రోజూ ఒక చెంబు దానికి. పీతలు కొరక్కుండా చుట్టూ వల కట్టారు. మొక్క రెండాకులు వేసింది వదినా! ఊళ్లోవాళ్లు వచ్చి చూసి పోతున్నారు. ఆయన తిననిది అందుకు. ఓడ వెళ్లిపోతోందని తొందరలో సగం రాసి మీ మనసు కష్టపెట్టాను. నాదే తప్పు.

ఇప్పుడు అసలు సంగతి. గీత గురించి చెప్పడానికి మీ తరావా నుంచి ఒక అధికారి వచ్చాడు. బూట్లు వేసుకుని మనేయబలోకి రాబోతే ముసలాళ్లు ఆపి విప్పించారు. నేల మీద ప్రపంచపటం పరిచి, “శుక్రవారం పడుకుంటారు, ఆదివారం లేస్తారు. శనివారం, డిసెంబరు ముప్పై ఒకటి, మీకు ఉండదు” అన్నాడు. అంతే, గోల మొదలైంది. ఆ రోజు పుట్టినరోజున్న ఒకావిడ “నాకు వయసు పెరగదన్నమాటేగా” అని సంతోషించింది. ఆదివారం దేవుడిది, దాన్ని ముట్టుకోకపోతే సరేనన్నాడు పాస్టరు. పోలండ్ నుంచి వచ్చిన ముసలాయన “గీత మా ఊరి మీదుగా పోతుంటే చెట్లు కొట్టేస్తారా?” అని అడిగాడు. అది కనిపించే గీత కాదని చెబితే, “కనిపించనిదాన్ని జరపడానికి ఇంత దూరం వచ్చావా నాయనా” అని జాలిపడ్డాడు.

అప్పుడు మీ తమ్ముడు లేచారు. ఆయన సభలో నోరు విప్పరని మీకు తెలుసు. “ఇది జరపడానికి ఏం కావాలి?” అని అడిగారు. “ఏమీ అక్కర్లేదు. ప్రభుత్వం నిర్ణయిస్తే చాలు, ఒక కాగితం” అన్నాడు అధికారి. “అంత తేలికైన పనైతే రెండేళ్ల కిందట ఎందుకు చెయ్యలేదు?” అన్నారు ఈయన. జనమంతా ఘొల్లున నవ్వారు. పాత ప్రభుత్వాన్ని ఎత్తిపొడిచారని అనుకున్నారు. అధికారీ నవ్వి, అది మా ఎన్నికల వాగ్దానం అన్నాడు. ఈయన నవ్వలేదు. కూర్చోనూ లేదు. గుంజ పట్టుకుని కాసేపు నిలబడి ఇంటికి వచ్చేశారు.

వదినా, నేను మిమ్మల్ని ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఆ మంగళవారం ఆయన రాలేదని మీరు అందరికీ చెప్పారు. ఆయన బయలుదేరారు. నేనూ వెంట వెళ్లాను. సర్కారు పని మీద వచ్చిన చిన్న విమానంలో బతిమాలి చోటు సంపాదించారు. సంచిలో అమ్మగారికని కొత్త లుంగీ పెట్టుకున్నారు. ఎక్కడానికి ఇంకా గంట ఉందనగా విమానాశ్రయం గదిలో రేడియో పాడుతోంది. తరావా కబుర్లలో అమ్మగారి పేరు చదివి, నిన్న సాయంత్రం సమాధి చేశారని చెప్పారు. ఆయన సంచి తీసుకుని బయటికి నడిచారు. పద్దెనిమిది కిలోమీటర్లు, ఎవరి బండీ ఎక్కకుండా ఇల్లు చేరాం.

మీరు ఎందుకు ఆగలేదు?

రాకెరా

*

బైరికి
12 డిసెంబరు 1994, సోమవారం

రాకెరా,

ఈ ఉత్తరం ఆఫీసులో రాయడం లేదు. సెలవు పెట్టి, అమ్మ సమాధి పక్కన చాప వేసుకుని రాస్తున్నాను. నవ్వించాలని లేదు. అలవాటు కొద్దీ ఎక్కడైనా ఎకసెక్కం వస్తే క్షమించు.

నాకు తెలుసు. మీ మంగళవారం మాకు బుధవారం. ఇరవై రెండేళ్లుగా ఆఫీసులో రోజూ ఆ లెక్క వేసే మనిషిని, నాకు తెలియకపోవడమేమిటి? అమ్మ మా ఆదివారం సాయంత్రం పోయింది. వాడి తంతి సోమవారం వచ్చింది. ‘మంగళవారం విమానం. ఆగండి. ఉరియమ్’. అంతే ఉంది. తంతి తెచ్చిచ్చిన మా ఆఫీసు అమ్మాయి అక్కడే అంది, “అక్కా, ఇది వాళ్ల మంగళవారమేమో, మనకి బుధవారం అవుతుందేమో” అని. “మా తమ్ముడికి నేనెక్కడున్నానో తెలుసు. మంగళవారమంటే మంగళవారమే” అన్నాను.

ఎందుకన్నానో ఈ రెండేళ్లలో వంద కారణాలు చెప్పుకున్నాను. ఎండ. శవం. మూడు రోజులుగా నిద్రలేని ఒళ్లు. వచ్చినవాళ్లకి వండి వండి అయిపోయిన బియ్యం. అవన్నీ నిజమే. కానీ అసలు నిజం వేరు. అమ్మ మంచాన పడి ఏడు నెలలు. ఏడు నెలలూ “ఉరియమ్ వచ్చాడా?” అని రోజూ అడిగింది. ఎత్తింది నేను, కడిగింది నేను, తినిపించింది నేను. అడిగింది వాణ్ణి. నేను ఉత్తరం మీద ఉత్తరం రాశాను. చెరువుల్లో పని, సెలవు లేదు, వచ్చే ఓడకి వస్తాను అన్నాడు. బతికుండగా రానివాడికి చచ్చాక ఇంకొక రోజు ఎందుకివ్వాలి అనిపించింది. మంగళవారం విమానాశ్రయానికి పోయి నిలబడ్డాను. ఏ విమానమూ రాదని తెలిసే నిలబడ్డాను రాకెరా. చూసినవాళ్లు చూడాలని. తిరిగొచ్చి పెద్దలతో “చెప్పిన రోజుకి రాలేదు, ఇంక కానివ్వండి” అన్నాను. సాయంత్రం అయిపోయింది.

మర్నాడు ఆ విమానం దిగిందని తెలిసింది. వాడూ దిగి ఉంటాడనుకున్నాను. దిగలేదని తెలిసి, దేవుడు క్షమించుగాక, ఊపిరి పీల్చుకున్నాను. ఆ తరవాత ఆ అబద్ధం నా చేతుల్లో లేదు. చిన్నాన్నల నోళ్లలో తిరిగి తిరిగి నాకే నిజంలా వినిపించేది. నీకు సెప్టెంబరులో రాసినప్పుడు కూడా దాన్నే రాశాను.

గీత జరిపే కాగితం టైపు చేస్తున్నప్పుడు ‘తూర్పు దీవులలో మంగళవారం అయినప్పుడు’ అని ఒక వాక్యం వచ్చింది. నాలుగుసార్లు తప్పు కొట్టాను. మా అధికారి నాకు కళ్లద్దాలు మార్చుకోమని సలహా ఇచ్చాడు.

ఇది వాడికి చదివి వినిపించు. లేదా చింపి పొయ్యిలో పెట్టు. నీ మొగుడు, నీ ఇష్టం. వాడి కోపం రెండేళ్లుగా న్యాయమైందని మాత్రం నీకు తెలియాలి.

నీ వదిన

*

లండన్
1 జనవరి 1995, ఆదివారం

వదినా,

తారీఖు లెక్కన మొన్న శుక్రవారం. పడుకుని లేచిన లెక్కన నిన్నే. శనివారం ఎవరికీ కనబడలేదు. లేచి చూస్తే పక్షులు రోజూలాగే అరుస్తున్నాయి, వాటికెవరూ చెప్పినట్టు లేదు. పుట్టినరోజావిడ తన వయసు పెరగలేదని చర్చి దగ్గర అందరికీ మిఠాయి పంచింది.

మీ ఉత్తరం గురువారం విమానంలో వచ్చింది. చింపలేదు. రెండుసార్లు నేను చదువుకుని, తరవాత ఆయన్ని కూర్చోబెట్టి మొత్తం పైకి చదివాను. కళ్లద్దాల మాట కూడా.

మీకు తెలియనిది ఒకటుంది. నాకూ తెలియదు, నేను చదవబోతుంటే అప్పుడే చెప్పారు. ఆయనకి మీమీద కోపం లేదు. ఎన్నడూ లేదు. తంతిలో ‘మా మంగళవారం’ అని రాయలేదని ఆయనకి ఇంటికి నడిచొస్తుంటే దారిలో తట్టిందట. “ఒక్క మాట. ఒక్క మాట రాసి ఉంటే అక్క ఆగేది. నా తెలివితక్కువకి అక్క ఎండలో నిలబడింది, నాకు అమ్మ ఆఖరిచూపు దక్కలేదు, ఏ మొహం పెట్టుకుని రాయను?” ఇదీ వదినా ఆయన మౌనం. నేను పౌరుషమనుకున్నాను. మీరూ అదే అనుకున్నారు. రెండేళ్లు ఆ మనిషి సిగ్గుతో చచ్చిపోతుంటే, ఇద్దరం కలిసి ఆయన్ని పౌరుషవంతుణ్ణి చేశాం.

ఇక ఉత్తరం విన్నాక ఏమైందో వినండి. “అక్కకి తెలుసా?” అన్నారు. “తెలుసట” అన్నాను. “తెలిసే?” అన్నారు. “తెలిసే.” అప్పుడు లేచారు. పదిహేడేళ్ల కాపరంలో ఆ కోపం నేను చూడలేదు. కుండ తన్నారు. కొబ్బరి కత్తి విసిరేశారు, వెళ్లి మళ్లీ తెచ్చుకున్నారు. “రెండేళ్లు! నా తప్పని రెండేళ్లు నేను కళ్లెత్తలేదు! చిన్నాన్నలంతా నన్ను...” అని అరిచి, చెరువుల దగ్గరికి పోయి అక్కడే ఉండిపోయారు. ఇవాళ ప్రార్థనకి వచ్చారు. పాస్టరు క్షమ గురించి మాట్లాడుతుంటే మధ్యలో లేచి బయటికి పోయారు.

ఇంటికొచ్చాక, “ఉత్తరం రాస్తారా?” అని నేనడిగితే, “ఇది ఉత్తరంలో తిట్టేది కాదు, ఎదురుగా నిలబడి తిట్టాలి” అన్నారు. శుక్రవారమే చెరువుల దగ్గర సెలవు అడిగారట. తల్లి మంచాన పడ్డప్పుడు దొరకని సెలవు, అక్కని తిట్టడానికి ఒక్కరోజులో దొరికింది. పై ఓడకి వస్తున్నారు.

నేను రావడం లేదు, పీపాలో మొక్కకి నీళ్లు పోయాలట. భయపడకండి. లేదంటే కొంచెం భయపడండి, ఆయనకి తృప్తిగా ఉంటుంది. ఓడ ఎక్కేవరకూ కోపం చల్లారకుండా చూస్తాను, చల్లారితే మళ్లీ పదేళ్లు కదలరు.

రాకెరా

*

బైరికి
20 ఫిబ్రవరి 1995, సోమవారం

నా బంగారు మరదలు రాకెరాకి,

మౌరి, నూరుసార్లు మౌరి! నీ మొగుడు చేరాడు. అయిదు కిలోలు తగ్గి చేరాడు.

బెతియో రేవులో ఓడ ఆగేసరికి నేను గంట ముందే వెళ్లి నిలబడ్డాను. ఈసారి నిజంగా నిలబడ్డాను. అందరూ దిగారు, వాడు దిగడు. చివరికి వంటవాడి భుజం మీద చెయ్యేసుకుని, మొహం పాలిపోయి, మెట్లు వెతుక్కుంటూ వచ్చాడు. పద్నాలుగు రోజుల ప్రయాణంలో పదకొండు రోజులు వాంతులేనట. నా ఎదురుగా నిలబడ్డాడు. నోరు తెరిచాడు. నేను కళ్లు మూసుకున్నాను. “నీళ్లు” అన్నాడు.

వంటవాడు నన్ను పక్కకి పిలిచి, “అమ్మా, నిన్నేమని తిట్టాలో రోజూ నా దగ్గర సాధన చేశాడు. నాకు మొత్తం కంఠస్థం వచ్చేసింది. చెప్పమంటావా?” అన్నాడు. చెప్పమన్నాను. సరుకు దించుతున్నంతసేపూ అక్కడే నిలబడి చెప్పాడు. మంచి మాటకారి. నీ మొగుడు పీపా మీద కూర్చుని వింటూ రెండుచోట్ల సరిదిద్దాడు. అంతా అయ్యాక, “ఒక్క అబద్ధం కూడా లేదు” అన్నాను నేను. “లేదు కదా” అన్నాడు వాడు. ఏడుపొచ్చింది ఇద్దరికీ. వంటవాడు తన మాటలకే ఏడ్చామనుకుని పొంగిపోయాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక మనేయబలో పెద్దలందరి ముందూ చాప మీద కూర్చుని చెప్పాను. తంతి సంగతి, ఆ అమ్మాయి అన్న మాట, నా సమాధానం, అన్నీ. తలెత్తి చెప్పాలనుకున్నాను గానీ చాప అల్లిక చూస్తూనే చెప్పాను. తల్లిని వదిలాడన్న ఆ చిన్నాన్న చాలాసేపు దగ్గి, లేచి వచ్చి, ఉరియమ్ పక్కన జరిగి కూర్చున్నాడు. చెవుడున్న పెద్దాయన “ఇంతకీ కుర్రాడు మంగళవారం వచ్చాడా లేదా?” అని కేకేశాడు. “ఇవాళ వచ్చాడు తాతా!” అని ఎవరో అరిచారు. “మంచిది, అన్నం పెట్టండి” అన్నాడాయన. తమ్ముడి పేరు చెడగొట్టినందుకు నా పందుల్లో పెద్దదాన్ని కోసి ఊరందరికీ భోజనం పెట్టమని తీర్పు. పెట్టాను. అందరికంటే ఎక్కువ తిన్నది చిన్నాన్నే.

ఆ సాయంత్రం వాడు సమాధి దగ్గర కూర్చున్నాడు. సంచిలోంచి ఆ లుంగీ తీశాడు, రెండేళ్లుగా మడత విప్పనిది. రాళ్ల మీద పరిచి అంచులు సర్దాడు. నేను దూరంగా ఉందామనుకున్నాను. “ఇటు రా” అన్నాడు. వెళ్లాను. తిడతాడేమో, మిగిలినవేవో ఉన్నాయేమో అనుకున్నాను.

“ఆ రోజు ఎలా జరిగిందో చెప్పు” అన్నాడు.

“ఏది?”

“మొత్తం. పొద్దుటి నుంచి.”

చెప్పాను రాకెరా. పొద్దున్నే పోటు ఎంతదాకా వచ్చిందో చెప్పాను. అమ్మకి తల దువ్వింది ఎవరో, జడలో ఏ పూలు పెట్టారో చెప్పాను. చాప ఎవరు అల్లారు, పెట్టె ఎవరు మోశారు, ముందు ఎవరు, వెనక ఎవరు. ఏ పాటలు పాడారో చెబితే “ఆ రెండోది అమ్మకి ఇష్టముండదు” అన్నాడు. “నీకేం తెలుసు, ఆఖరి రోజుల్లో అదే పాడించుకుంది” అన్నాను. “అబద్ధం” అన్నాడు. “నన్ను ఇంక అబద్ధమనకు, పంది అయిపోయింది” అన్నాను. నవ్వాడు. మట్టి వేసింది ఎవరెవరని అడిగాడు. పేర్లు చెప్పాను. నేను వేసినప్పుడు వాడి తరఫున కూడా ఒక గుప్పెడు వేశానా అని అడిగాడు.

లేదు అన్నాను. వెయ్యలేదు, ఆ కోపంలో తోచలేదు.

తలాడించాడు. లేచి వెళ్లి ఒడ్డున రెండు చేతులా తెల్ల ఇసక తెచ్చి సమాధి తలవైపు పోశాడు. మళ్లీ వెళ్లాడు, మళ్లీ తెచ్చాడు. నేనూ లేచి వెళ్లాను. చీకటిపడే దాకా ఇద్దరం మోస్తూనే ఉన్నాం. ఎన్నిసార్లో ఎవరం లెక్కపెట్టలేదు.

ఇప్పుడు వాడు నోరు మూయడం లేదు తల్లీ! రెండేళ్లు మాట్లాడని మాటలన్నీ నా చెవుల్లోనే పోస్తున్నాడు. మిషను ముందు కూర్చుంటే ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చి నిలబడుతున్నాడు. పక్క కుర్చీ అమ్మాయికి ఎట్టకేలకు నా రహస్యం తెలిసిపోయిందట. ఇదిగో, ఇది రాస్తుంటే కూడా వెనకే నిలబడి “ఏం రాస్తున్నావ్?” అంటున్నాడు. నీ మీద చాడీలని చెప్పాను. “అయితే ఇంకో కాగితం తీసుకో” అంటున్నాడు.

తీసుకుంటున్నాను.

నీ
తెబోరా